మూసీ నీళ్లు నీలంగా ఉండవు

“బాగుందమ్మా. ఇంతకీ ఇది ఏ దేశపు నాటకం?”

నా రెండో పోస్టర్‌ను చేయి చాచినంత దూరం పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి మాస్టారు అడిగిన మాట ఇది. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పగలంతా నా పని వేరు. బిస్కెట్ పొట్లాలు, చీరల దుకాణాల ఆషాఢం తగ్గింపులు, ఊరి బయట వెంచర్ల బ్రోచర్లు. సాయంత్రాలు బాగ్‌లింగంపల్లిలో ఒక చిన్న నాటక బృందంతో తిరుగుతుంటాను. నటన నాకు రాదు. తెర లాగడం, టిక్కెట్లు చించడం, పోస్టర్ వేయడం నా వంతు. మాస్టారు బ్యాంకులో రిటైరైన మనిషి, మా అందరికీ దర్శకుడు. ఆ ఏడు ఆయన తలకెత్తుకున్నది మూసీ వరద. 1908 సెప్టెంబరు 28న నది ఊరి మీద పడ్డప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మా నాటకమంతా దాని కొమ్మల మీదే నడుస్తుంది. ప్రదర్శన సెప్టెంబరు చివరి వారంలో, రవీంద్ర భారతిలో. నాకు మిగిలింది నెల రోజులు.

డబ్బు లెక్క ముందే తేలిపోయింది. 20 × 30 అంగుళాల కాగితం, స్క్రీన్ ప్రింటింగ్, రెండే రంగులు, 200 ప్రతులు. ఫ్లెక్సీ వేయిద్దామని ఎవరో అంటే మాస్టారు ఒప్పుకోలేదు. “ఫ్లెక్సీల మీద పుట్టినరోజు నాయకులుంటారు. వాళ్ల మధ్య మన చెట్టుకు ఊపిరాడదు” అన్నారు.

వరద అనగానే నా చేయి తనంతట తానే హొకుసాయి కెరటం వైపు వెళ్లింది. 1831 ప్రాంతంలో ఆ జపాను చిత్రకారుడు చెక్క అచ్చుల కోసం గీసిన అల ఇప్పుడు టీ కప్పుల మీదా, ఫోను తొడుగుల మీదా ఉంది. నేనూ ఆ నురగ గోళ్లను తెచ్చి చార్మినార్ మీదికి వంచాను. రెండు గంటల్లో పని అయిపోయింది. అంత తొందరగా అయిపోయిన పనిని నమ్మకూడదని పన్నెండేళ్ల ఉద్యోగం నాకు నేర్పింది కానీ, ఆ రాత్రి మరిచిపోయాను.

మా బృందంలో పెద్దావిడ ఒకరున్నారు. మూసీ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, నాటకంలో మంత్రసాని వేషం ఆమెదే. ఆమె పోస్టర్ చూసి ఒక్క మాటే అన్నారు: “మూసీ నీళ్లు నీలంగా ఉండవమ్మా.”

అంతకంటే పెద్ద విమర్శ నా జన్మలో వినలేదు. హొకుసాయి వాడిన ప్రష్యన్ బ్లూ ఆ రోజుల్లో జపానుకు ఓడల్లో దిగిన పరాయి రంగు. కొత్త రంగు చేతికి దొరికిన సంబరం ఆ బొమ్మ నిండా కనిపిస్తుంది. పైగా అది సముద్రం. సముద్రపు అల లేస్తుంది, విరుగుతుంది. నది వరద అలా లేవదు, దొంగలా మెట్టు మెట్టూ ఎక్కి వస్తుంది. నేను హైదరాబాద్ నడిబొడ్డున సముద్రాన్ని పెట్టాను.

రెండోసారి రష్యా వెళ్లాను. అక్కడి కళాకారుడు రొద్‌చెంకో 1924లో పుస్తకాల ప్రచారానికి చేసిన పోస్టర్, డిజైన్ చదివినవాళ్లందరికీ తెలిసే ఉంటుంది. తలకు రుమాలు కట్టుకున్న స్త్రీ నోటికి చేయి అడ్డం పెట్టి కేక వేస్తుంటే, ఆ కేక అక్షరాలుగా మారి గరాటులా వెడల్పవుతూ పోతుంది. అంతకు ఐదేళ్ల ముందు అక్కడి మరో కళాకారుడు లిసిట్స్కీ ఒక ఎర్ర త్రికోణాన్ని తెల్లని వృత్తంలోకి మేకులా దించాడు. ఆ ధాటి నాకు కావాలనిపించింది. నదిని ఎర్ర త్రికోణం చేశాను, చెట్టును నల్ల గీతలు చేశాను, అక్షరాలను 30 డిగ్రీలు వాల్చాను.

అక్షరాలు ఎదురు తిరిగాయి. కన్‌స్ట్రక్టివిస్టులు, అంటే రొద్‌చెంకో బాటలోని ఆ రష్యా కళాకారులు, వాడిన పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు. ఇటుకల్లా పేర్చవచ్చు, గోడలా వాల్చవచ్చు. మనవి ఇటుకలు కావు, తీగ మీద కాయలు. గుడులు పైకి పాకుతాయి, వత్తులు కిందికి వేలాడతాయి. “రవీంద్ర భారతి” అన్న మాటను వాల్చి, వరసలు దగ్గరగా పేర్చేసరికి ‘ద్ర’ కింద ఉన్న రావత్తు కింది వరసలోని సమయాన్ని పొడిచింది. సాయంత్రం 6.30 కాస్తా చూసేవాళ్లకు 8.30 అయింది. వరసల మధ్య జాగా పెంచితే గుద్దు లాంటి ఆ బరువు పోయి, పక్కకు ఒరిగిన పెళ్లి పత్రికలా తయారైంది. పైగా మన గోడల మీద ఎర్ర త్రికోణమంటే ఎప్పటి నుంచో కుటుంబ నియంత్రణ గుర్తు, ఎరుపంటే పార్టీ సభ. మా తెర లాగే కుర్రాడు చూసీ చూడగానే “సభ ఎక్కడక్కా?” అన్నాడు. మాస్టారి ప్రశ్న ఆ తరువాతదే.

మూడోది త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. జర్మనీలోని బౌహౌస్ అనే డిజైన్ బడిలో హెర్బర్ట్ బేయర్ 1925లో వృత్తాలు, సరళరేఖలతో ఒక అక్షరమాల కట్టాడు. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా ఉండదు. ఆ తేడా మనకు పుట్టుకతోనే లేదు, పైగా మనవి గుండ్రటి అక్షరాలు, ఇంకేం, వృత్తలేఖిని చాలు అనుకున్నాను. నాటకం పేరులో పెద్దగా కనిపించాల్సిన మాట ‘వరద’. అన్నింటికీ ఒకే వృత్తం, ఒకే తలకట్టు వేసి, తలకట్టును ఒళ్లు నుంచి కాస్త ఎడంగా పెట్టాను, అందంగా ఉందని. తలకట్టు విడిపోతే ‘వ’ కాస్తా ‘ప’ అవుతుందన్న సంగతి ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మాస్టారు “పరదా?” అని చదివి, “మన దగ్గర ఉన్నది అదొక్కటేననుకో” అని నవ్వారు.

ఈ లోపు బృందంలో మరొకరు చేర్యాల బొమ్మల పద్ధతిలో వేయమన్నారు. మన కళే కదా అన్నది ఆయన వాదన. నాకు ఆ బొమ్మలంటే ప్రాణం. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి గట్టిపరచిన గుడ్డ మీద ఆ ఎర్రటి నేల, ఆ పెద్ద కళ్లు! కానీ నకాషీలు గీసే పటం చూడాల్సిన తీరు వేరు. కథకుడు ఒక్కొక్క పట్టె విప్పుతూ పాడుతుంటే, ఊరు ఊరంతా కూర్చుని రాత్రుళ్లు చూడాల్సింది అది. పోస్టర్‌కు దొరికేది బస్సు కిటికీలోంచి రెండు క్షణాలు. రష్యాను అరువు తెచ్చుకుని ఎంత తప్పు చేశానో, చేర్యాలను అరువు తెచ్చుకున్నా అంతే తప్పు చేసేదాన్ని. తప్పు మాత్రం ఎవరికీ కనిపించేది కాదు, ఎందుకంటే మనదే కదా అని అందరూ మెచ్చుకునేవారు.

పన్నెండు రోజులు మిగిలాయి. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య చతికిలబడ్డాను. వెతుకుతున్నది ఏమీ లేదు, ఇంట్లో కంప్యూటర్ మొహం చూడబుద్ధి కాక వెళ్లాను. అట్ట చిరిగిన ఒక కళా పత్రికలో నందలాల్ బోస్ 1930లో చెక్కిన గాంధీ బొమ్మ కనిపించింది. దండి యాత్ర వేళ చేసిన లినోకట్, అంటే లినోలియం పలక మీద చెక్కి తీసిన అచ్చు. చేతికర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీ, నల్లటి నేల మీద తెల్లటి గీతలు. ఎక్కడో ఒకచోట ఆ బొమ్మను మీరు తప్పక చూసి ఉంటారు. నేనూ వందసార్లు చూశాను. ఆ రోజే మొదటిసారి దాన్ని బొమ్మగా కాక పనిగా చూశాను. ఆ పంచె మడతలు గీసినవి కావు, తీసేసినవి. ఉలి ఎక్కడ దిగిందో, ఎక్కడ తిరిగిందో, ఎక్కడ జారబోయి ఆగిందో అన్నీ తెలుస్తున్నాయి. ఎనభై రూపాయలు చెబితే అరవైకి ఇచ్చాడు.

ఇంటికొచ్చి కాలేజీ నాటి నోటు పుస్తకాలు తీశాను. జర్మన్ ఎక్స్‌ప్రెషనిజం అనే కళా ఉద్యమం గురించి పరీక్ష కోసం రాసుకున్నవే. 1905లో డ్రెస్డెన్‌లో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు ‘డీ బ్రూకె’ అనే గుంపు కట్టారు. మరుసటి ఏడు వాళ్ల ప్రకటనను ఆ నలుగురిలో ఒకడైన కిర్ష్‌నర్ చెక్క మీద చెక్కాడు, అక్షరాలతో సహా. కేథె కోల్విట్స్ అప్పటికే పేరున్న కళాకారిణి. ఆమె 1920లో బార్లాహ్ అనే కళాకారుడి చెక్క అచ్చులు చూసి, యాభయ్యో పడి దాటిన వయసులో కొత్తగా ఉలి పట్టింది. యుద్ధం మీద ఏడు బొమ్మలు చెక్కింది. 1914లో ఆమె కొడుకు యుద్ధంలో పోయాడు. మన వైపు చూస్తే, బెంగాల్ కరువును కళ్లారా చూసి గీసిన చిత్తప్రసాద్ తరువాతి కాలంలో చెక్కిన లినోకట్లు ఉన్నాయి. ఇవన్నీ నాకు పదేళ్ల కిందటే తెలుసు, పేర్లుగా.

ఇప్పుడు మరొకటి అర్థమైంది. నేను ఇంతకాలం ఉద్యమాల ముఖాలు తెచ్చుకుంటున్నాను. వాళ్ల చేతుల్లో ఏముందో చూడలేదు. ఫ్రెంచి చిత్రకారుడు తూలూజ్ లొత్రెక్ 1891లో పారిస్‌లోని మూలాన్ రూజ్ నాట్యశాల కోసం వేసిన పోస్టర్‌లో వెనక జనమంతా ఒకే నల్లటి ముద్ద. దానికి కారణం జపాను అచ్చులు చూసి నేర్చిన పట్టు ఒకటి, రాతి ముద్రణలో నాలుగే రంగులు ఉండడం మరొకటి. కొరతే ఆ బొమ్మకు రూపం ఇచ్చింది. నాకూ కొరతే ఉంది, రెండే రంగులు. దాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని కప్పిపుచ్చుతున్నాను.

మర్నాడు 10 × 15 అంగుళాల లినోలియం ముక్క, ‘వి’ ఆకారపు ఉలి ఒకటి, ‘యు’ ఆకారపుది ఒకటి కొన్నాను. అంతకన్నా పెద్ద పలక చెక్కే ఓపిక నాకు లేదు. ముద్ర తీసి స్కాన్ చేసి రెండింతలు చేస్తే సరిపోతుంది, ఉలి గుర్తులూ రెండింతలవుతాయి, మంచిదే.

చెక్కే ముందు ఉస్మానియాకు వెళ్లి చెట్టును చూసి వచ్చాను. రోగుల బంధువులు దాని నీడలో అన్నం తింటున్నారు. ఒక గంట కూర్చుని ప్రధానమైన కొమ్మ ఒకటి, మొదలు ఒకటి గీసుకున్నాను. అంత పెద్ద చెట్టును పోస్టర్‌లో మొత్తం ఇరికించకూడదని అక్కడే తేల్చుకున్నాను. లొత్రెక్ నుంచి నేను నిజంగా తీసుకున్నది అదొక్కటి, కాగితం అంచు దగ్గర బొమ్మను నిర్దాక్షిణ్యంగా నరికేయడం. మూడు వైపులా అంచుల్లోకి వెళ్లిపోయే కొమ్మలు. ఆకాశం లేదు.

సెప్టెంబరు నడిమి, ఎండ లేదు. లినో చల్లగా ఉంటే ఉలికి లొంగదు, పెళుసుగా విరుగుతుంది. దాని మీద పాత చీర ముక్క వేసి ఇస్త్రీ పెట్టె ఆనించి, మెత్తబడ్డ భాగం చెక్కి, మళ్లీ వేడి చేసి, మళ్లీ చెక్కాను. ఆకులు చెక్కడం మొదలుపెట్టి వదిలేశాను. మొత్తం నలుపు ఉంచి, అందులో ‘యు’ ఉలితో ఒక్కొక్క పోటు పొడిచాను. ఒక పోటు, ఒక మనిషి తల. దూరం నుంచి చూస్తే చింతాకుల సందుల్లోంచి పడే వెలుతురు. దగ్గరికి వస్తే తలలు, కొన్నిచోట్ల తల పక్కన బుల్లి తల. 150 పెట్టాలని లెక్కపెడుతూ పొడిచాను. 93 దగ్గర ఫోను మోగింది. తిరిగొచ్చాక లెక్క తప్పింది. ఆ తరువాత లెక్కపెట్టలేదు.

అక్షరాలు ఇంకో పరీక్ష. లినో మీద గుండ్రంగా తిప్పడానికి ఉలి ఒప్పుకోదు. ‘ర’ ఒక్కటి తిప్పడానికి పలకను ఏడుసార్లు తిప్పాను. ఆ వృత్తం ఏడు చిన్న చిన్న కోతలుగా వచ్చింది, కొట్టిన బెల్లపు అచ్చులా మూలలు తేలి. వృత్తలేఖినితో గీసినప్పుడు చచ్చినట్టు ఉన్న అక్షరం ఇక్కడ లేచి కూర్చుంది. ‘వరద’ను సగం నీటిలో ముంచుదామని ఒక దురాశ కూడా పుట్టింది. కాగితం మీద వేసి చూస్తే మూడు తలకట్లు మాత్రమే నీటి పైన తేలాయి. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను. కానీ తెలుగులో తలకట్టు అందరికీ ఒకటే, ఆనవాలంతా కింది కడుపులో ఉంటుంది. ప, ఫ, ష లను పై సగం చూసి ఎవరు చెప్పగలరు? చివరికి నీటిని అక్షరాల పాదాలు తడిసే వరకే రానిచ్చాను. ఆ మూడు తలకట్ల బొమ్మ నా దగ్గరే దాచుకున్నాను.

నాలుగో రాత్రి రెండు గంటలకు పలక మీద సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనక భాగంతో రుద్ది, మూల పట్టుకుని లేపాను.

అక్షరాలు తిరగబడి ఉన్నాయి.

అచ్చు పలక మీద అద్దంలోలాగా చెక్కాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. నాలుగు రాత్రులు ఇస్త్రీ పెట్టెతో కుస్తీ పడిన నేను దాన్ని తిన్నగా చెక్కాను. నేల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను కూడా, దాపరికం ఎందుకు. మా అమ్మ లేచి వచ్చి, చూసి, “అద్దంలో పెట్టి చూడరాదూ” అంది. ఓదార్పు కోసం అన్నదే. కానీ నేనెలాగూ దీన్ని స్కాన్ చేస్తాను. కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో తిరిగిపోతుంది! కిర్ష్‌నర్‌కు ఆ వసతి లేదు పాపం. ముద్రలో కుడికి పోయిన కొమ్మ, తిప్పాక ఆసుపత్రిలో నేను చూసినట్టే మళ్లీ ఎడమకు వచ్చింది. చెట్టు ఏమీ అనుకోలేదు.

మాస్టారు ఈసారి కళ్లజోడు ఎత్తలేదు. పోస్టర్‌ను దూరంగానూ పట్టుకోలేదు, దగ్గరికి తెచ్చుకున్నారు. చాలాసేపటికి “ఇవి తలలా?” అన్నారు. అంతే, ముద్రణకు పంపమన్నారు.

చిక్కడపల్లి వెనక సందులో స్క్రీన్ ప్రింటింగ్ చేసే ఆయనకు నేను ఫిల్ము ఇచ్చి, రెండో రంగు మట్టి రంగు కావాలన్నాను. ఆయన వేసిన మొదటిది ఇటుక రంగు. రెండోది గోధుమ రంగు, అట్టపెట్టెలా ఉంది. పసుపు, ఎరుపు, కాస్త నలుపు, చెంచా చెంచా కలుపుతూ గంట గడిచింది. ఇద్దరికీ విసుగొచ్చి పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించుకున్నాం. కుర్రాడు గ్లాసులు డబ్బా పక్కనే పెట్టాడు. ఆయన గ్లాసు వైపు చూసి, డబ్బా వైపు చూసి, “మేడమ్, మీకు కావాల్సింది ఇదే కదా?” అన్నాడు. పాలు ఎక్కువ, డికాక్షన్ చిక్కగా ఉన్న ఇరానీ చాయ్. వర్షాకాలంలో మూసీ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే కనిపించే రంగు సరిగ్గా అదే. గ్లాసు పక్కన పెట్టుకునే రంగు కలిపాం.

రంగును తెర గుండా నొక్కే రబ్బరు పట్టె, స్క్వీజీ, మొదటిసారి లాగినప్పుడు రంగు గీతలు గీతలుగా పడింది. రంగు కాస్త చిక్కబడింది, పలుచన చేశాడు. తరువాత రెండు రంగుల మధ్య పొందిక కుదరక ఇరవై కాగితాలు పోయాయి. నీళ్లు చెట్టు మొదలుకు ఒక నూలు కిందికి జరిగి, చెట్టు మునగకుండా తేలుతున్నట్టు వచ్చింది. ఆయన వాటిని పారేయబోతే ఆపి తెచ్చుకున్నాను. మిగతా 180 తాళ్ల మీద ఆరాయి. గది నిండా చింతచెట్లు, అన్నిటి కిందా చాయ్.

త్యాగరాయ గానసభ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అశోక్‌నగర్ గ్రంథాలయం, నాలుగైదు ఇరానీ హోటళ్లు, అడిగి అనుమతి ఇచ్చిన చోటల్లా అంటించాం. నీళ్లు నీలంగా ఉండవన్న పెద్దావిడ ఒకటి అడిగి తీసుకున్నారు. ఏమైనా అంటారేమోనని చూశాను. చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని, తన సంభాషణలు చూసుకోవడంలో పడ్డారు.

లినో పలకను మాస్టారు రిహార్సల్ గదిలో మేకుకు తగిలించారు. మొన్న మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ప్రింట్ మేకింగ్ చదివే అబ్బాయి ఎవరో నాటకం వేస్తానని వచ్చాడు. పలక ముందు ఆగాడు. ‘వరద’ అని తిన్నగా, శుభ్రంగా చదువుకోవడానికి వీలుగా ఉంది. ఒకసారి పలకను, ఒకసారి పక్కనే ఉన్న పోస్టర్‌ను, మళ్లీ పలకను చూశాడు. వేళ్లతో గాలిలో ఏదో తిప్పి చూసుకున్నాడు. “ఇది ఎలా వచ్చిందండీ?” అని అడిగాడు.

నేను తెర తాడు బిగించే పనిలో ఉన్నట్టు నటించాను. నటన రాదని ముందే చెప్పాను కదా, వాడు నవ్వేశాడు.